ఆటిజం పిల్లలు పెద్దవాళ్లయ్యారు మంత్రిగారూ

గౌరవనీయులైన విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ మంత్రిగారికి, తిరుపతి నుంచి ఒక తల్లి నమస్కరించి రాసుకునే లేఖ.

సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారని వెళ్లి అడిగితే, పింఛను వస్తోంది కదమ్మా అన్నారు. వస్తోంది సార్, నెలకు 6,000 ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, కాదనను. నేనడిగింది పింఛను కాదు. మా అబ్బాయి పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలి అని అడిగాను.

నాలుగో ఏట వాడికి ఆటిజం అని చెప్పారు. ఇప్పుడు 24. చిన్నప్పుడు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వం నడిపే భవిత కేంద్రమో, థెరపీయో ఏదో ఒకటి ఉండేది. 18 దాటగానే మా పరిధి కాదన్నారు. మరి ఎవరి పరిధి?

తెలిసినవాళ్ల బట్టల కొట్లో కొన్నాళ్లు చీరలు మడతపెట్టాడు. అంచుకు అంచు కలవకపోతే విప్పి మళ్లీ మడిచేవాడు. టైముకి వెళ్తాడు, అబద్ధం రాదు. పండగ రద్దీలో ఎవరో గట్టిగా కసిరితే చెవులు మూసుకుని కౌంటర్ కింద కూర్చుండిపోయాడు. మర్నాటి నుంచి పంపొద్దన్నారు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఆందోళన ఎక్కువని డాక్టర్లకు తెలిసిందే. పక్కన ఒక మనిషి ఉండి ‘ముందు ఇది చెయ్ నాయనా, తర్వాత అది’ అని కొన్ని నెలలు నేర్పి ఉంటే వాడి పని వాడికి ఉండేది.

1943లో అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు డాక్టర్ లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాశారు. వాళ్లు పెద్దయి ఏమయ్యారో ఆరా తీసి 1971లో మళ్లీ రాశారు. ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో పెట్టినవాళ్లు ఉన్న చురుకుదనం కూడా పోగొట్టుకున్నారు. మొదటి పిల్లవాడు డొనాల్డ్ మాత్రం బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, సొంత ఊళ్లో 89 ఏళ్లు బతికాడు. ఆ బ్యాంకు వాళ్ల తాతగారు పెట్టిందే. మాకెవరికీ బ్యాంకులు లేవు సార్, అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాం.

పగలు ఉండటానికి ఒక కేంద్రం, పని నేర్పే మనిషి, నా తర్వాత వాడిని చూసుకునే ఏర్పాటు. ఏది ముందు చేస్తారో మీ ఇష్టం, ఏదో ఒకటి మొదలుపెట్టండి. ఈసారి తిరుపతి వచ్చినప్పుడు మాకు అరగంట ఇవ్వండి. తల్లిదండ్రులం పిల్లల్ని తీసుకుని ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాం.

ఇట్లు,
ఒక తల్లి, తిరుపతి