క్రీడల మంత్రి గారికి: ఆ గది తాళం తీయించండి

గౌరవనీయులైన క్రీడల మంత్రి గారికి గుంటూరు నుంచి ఒక అథ్లెట్ తండ్రి నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా,

ఇది ఐదో అర్జీ. మొదటి నాలుగూ సోమవారం అర్జీలు తీసుకునే రోజున చేత్తో ఇచ్చాను, రసీదులు భద్రంగా ఉన్నాయి. మిర్చి సీజన్‌లో యార్డులో కాటా వదిలేసి లైన్లో నిలబడినందుకు నాకు మిగిలినవి అవే.

మళ్ళీ అదే విషయం: మా పిల్లల స్పోర్ట్స్ హాస్టల్లో కౌన్సెలింగ్ గది. పిల్లలు మనసులో బాధ చెప్పుకోవడానికి గది, సైకాలజిస్ట్ ఉండాలన్న స్కీము మీకు తెలిసిందే, నేను చెప్పక్కర్లేదు. గది ఉంది, బోర్డు ఉంది. లోపల చిరిగిన మ్యాట్లు, విరిగిన హర్డిల్స్, పోయిన ఆగస్టు 29 క్రీడా దినోత్సవం నాటి ఫ్లెక్సీలు ఉన్నాయి. సైకాలజిస్ట్ వచ్చే నెల వస్తారన్నారు. ఆ మాటన్నాక రెండు ఉగాదులు వెళ్ళాయి. అబద్ధమెందుకు, ఒకసారి వచ్చారు. 60 మంది పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి, పాజిటివ్ థింకింగ్ గురించి గంటసేపు మాట్లాడి, గ్రూప్ ఫోటో దిగి వెళ్ళారు. ఆ ఫోటోలో మా అమ్మాయి మూడో వరుసలో నవ్వుతూ ఉంది. నవ్వమన్నారట.

అప్పటికే తనకి మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయింది. మోకాలు బాగైంది, పిల్ల బాగవలేదు. 400 మీటర్లు పరుగెత్తే పిల్ల తెల్లవారుజామున మూడింటికే లేచి గోడ చూస్తూ కూర్చునేది. టైమింగ్ పడిపోయింది. కోచ్ గారు బద్ధకం అన్నారు, వాళ్ళమ్మ దిష్టి అంది, నేను ఫోన్ వల్లే అన్నాను. అవును, నేనూ అన్నాను. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పేదాకా డిప్రెషన్ అని ఎవరికీ తట్టలేదు. ప్రాక్టీసు ఎక్కువై అలిసినా నిద్ర, ఆకలి, టైమింగ్ ఇలాగే దెబ్బతింటాయట. కానీ విశ్రాంతి ఇచ్చినా తేరుకోకపోతే, ప్రాణంగా చూసుకున్న స్పైక్స్ బూట్లు కూడా ముట్టబుద్ధి కాకపోతే అనుమానించాలట. గాయం తర్వాత ఇలా రావడం ఆటగాళ్ళలో కొత్తేమీ కాదట. ఈ నాలుగు ముక్కలు చెప్పే మనిషి హాస్టల్లో ఉంటే మాకు ఎనిమిది నెలలు పోయేవి కావు.

మందులు రాశారు. అవి పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే ఎవరో డోప్ టెస్టులో దొరికిపోతావని భయపెట్టారు, మానేసింది. మామూలుగా రాసే డిప్రెషన్ మందులు నిషేధిత జాబితాలో లేవని చెప్పడానికి మళ్ళీ ఆ డాక్టరమ్మే దిక్కయింది.

మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే సర్కారు హెల్ప్‌లైన్ 14416 నంబరు మెస్ గోడకి అంటించారు, సంతోషం. పిల్లల ఫోన్లు మాత్రం వార్డెన్ బీరువాలో ఉంటాయి, ఆదివారం సాయంత్రం నాలుగింటికి గంటసేపు ఇస్తారు. దిగులేదో ఆ నాలుగు నుంచి ఐదు మధ్యే వచ్చేలా పిల్లలే చూసుకోవాలి కాబోలు.

2014 ఇంగ్లండ్ టూర్‌లో డిప్రెషన్‌లో పడ్డానని కోహ్లీయే చెప్పాడు సార్ అని ఒక అధికారి దగ్గర అన్నాను. "ముందు నేషనల్స్‌లో మెడల్ తెమ్మనండి, అప్పుడు చూద్దాం" అన్నారు. మెడల్ వచ్చాకే మనసు వస్తుందని నాకు తెలియదు సార్. అంతటివాడే ఎన్నేళ్ళకో నోరు విప్పితే, హాస్టల్ సీటు పోతుందేమోనని వణికే పదిహేడేళ్ళ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

పెద్ద పెద్ద నిపుణులు వద్దు. వారానికి ఒక్కరోజు వచ్చే సైకాలజిస్ట్ చాలు. బాధ చెప్పుకున్నందుకు సీటు పోదని కాగితం మీద రాసివ్వండి. ఆ గది తెరిపించండి. దండం పెడతాను, ముందు ఆ గది తెరిపించండి.

తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా కనుక్కున్నాను, మీకు శ్రమ లేకుండా. వాచ్‌మన్ దగ్గరే ఉంది. తీయమంటే పైనుంచి ఆర్డర్ రావాలన్నాడు. ఆ పైన అంటే ఎంత పైనో మీరే చెప్పాలి.

ఇట్లు,
మిర్చి యార్డు గుమస్తా,
గుంటూరు