పాత పార్టీ పట్టు సడలుతోందా? లెక్క ఇలా చూడండి

సభ్యులందరికీ,

సభలకొచ్చిన జనాన్ని చూసి ఏ పార్టీ బలమూ తేల్చకండి. బెంగాల్‌లో 34 ఏళ్ల వామపక్ష పాలన 2011లో హఠాత్తుగా కూలలేదు. 2006 అసెంబ్లీ ఎన్నికల్లో వామపక్షాలకు 294కి 235 సీట్లు. 2008 పంచాయతీ ఎన్నికల్లోనే తూర్పు మేదినీపూర్, దక్షిణ 24 పరగణాల జిల్లా పరిషత్తులు చేజారాయి (భూసేకరణకు వ్యతిరేకంగా ఉద్యమం జరిగిన నందిగ్రామ్ ఉన్నది మొదటి జిల్లాలోనే). 2009 లోక్‌సభలో 42కి 15. 2010లో కోల్‌కతా కార్పొరేషనూ పోయింది. చివరికి 2011 అసెంబ్లీలో 62 సీట్లు. అప్పటికీ ఓట్లు 40 శాతం దరిదాపుల్లోనే ఉన్నాయి! తృణమూల్, కాంగ్రెస్ కలిసి పోటీచేయడంతో ఎదుటి ఓటు చీలలేదు.

కాబట్టి ఫారం 20 (నియోజకవర్గంలో ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లొచ్చాయో చూపే అధికారిక ఫలితాల పత్రం) తీసి బూత్‌వారీగా చూడండి. బూత్ నంబర్లు మారుతుంటాయి. పోలింగ్ కేంద్రం పేరు, పరిధి చూసి సరిపోల్చండి. పోస్టల్ ఓట్లు చివర్లో విడిగా ఉంటాయి, బూత్ లెక్కలో కలపొద్దు. పొత్తులో వదిలేసిన సీట్లను తీసేయకుండా రాష్ట్ర సగటు కడితే లేని పతనం కనిపిస్తుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. శాతం పక్కనే ఓట్ల సంఖ్యా రాయండి: పోలింగ్ తగ్గినచోట శాతం నిలబడినట్టే ఉంటుంది, సొంత ఓటరు మాత్రం ఇంట్లోనే కూర్చుని ఉంటాడు.