సెకండ్ లోన్ కలెక్షన్ వాళ్ళ పీడ వదిలింది – లా లైబ్రరీ పెద్దావిడకి, ఇంకా అందరికీ థాంక్స్

అందరికీ నమస్కారం. మొన్న పోస్టులో కలెక్షన్ కంపెనీ నుంచి లెటర్ వచ్చింది, మీ అకౌంట్ క్లోజ్ చేశాం, ఇక మిమ్మల్ని కాంటాక్ట్ చేయం అని. రెండే లైన్లు. మా ఆయన చదివారు, నేను చదివాను, మా వాడు చదివి అమ్మా అయిపోయిందే అన్నాడు, అయినా నమ్మకం కుదరక రాత్రి లేచి వంటింట్లో లైటేసుకుని మళ్ళీ చదివాను. మనసు ఇంకా కుదుటపడలేదు, చెయ్యి కూడా సరిగ్గా ఆడట్లేదు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

తెలియనివాళ్ళకి కొంచెం ముందు సంగతి చెప్పాలి. 2006లో ట్రేసీ పక్కన మౌంటెన్ హౌస్‌లో ఇల్లు కొన్నాం. ఫ్రీమాంట్‌లో కొనే తాహతు లేదు, ఇక్కడైతే లివర్మోర్ గుడి కూడా దగ్గర. మరుసటి ఏడు మా మామగారి గుండె ఆపరేషన్‌కి ఇంటి మీద హెలాక్ (ఇల్లు తాకట్టు పెట్టి తీసుకునే రెండో అప్పు) తీశాం, అదే ఈ సెకండ్ లోన్. ఆ తర్వాత ఏం జరిగిందో అప్పట్లో అటువైపు ఉన్నవాళ్ళందరికీ తెలుసు. 2008 నవంబర్లో న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు దేశం మొత్తంలో అందరికంటే ఎక్కువ అండర్‌వాటర్‌లో ఉన్న ఊరు మాదేనని రాశారు, దాదాపు 90 శాతం ఇళ్ళ మీద ఇంటి విలువకంటే అప్పే ఎక్కువట. మా ఆయన కాంట్రాక్ట్ పోయింది, ఉన్న సేవింగ్స్ అన్నీ ఈఎంఐలకి పోశాం, చివరికి 2012లో షార్ట్ సేల్ చేశాం. అంటే బాకీ కంటే తక్కువకి ఇల్లు అమ్ముకోవడానికి బ్యాంకులే ఒప్పుకోవడం అన్నమాట. ఫస్ట్ లోన్ బ్యాంకు, సెకండ్ లోన్ బ్యాంకు రెండూ కాగితం మీద ఒప్పుకున్నాయి, సెకండ్ వాళ్ళకి అమ్మకం డబ్బుల్లోంచే ఎంతో కొంత ఇచ్చారు, మేం తాళాలిచ్చేసి శాక్రమెంటో వైపు అపార్ట్‌మెంట్‌కి వచ్చేశాం. గృహప్రవేశానికి వచ్చి భోంచేసి వెళ్ళినవాళ్ళు గుడిలో కనబడితే పక్కకి తప్పుకునేవాళ్ళు, సరే ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఇన్నేళ్ళయ్యాక పోయినేడాది నుంచి ఫోన్లు. పేరు కూడా ఎప్పుడూ వినని కంపెనీ. మీ సెకండ్ లోన్ మేం కొన్నాం, వడ్డీతో కలిపి లక్ష డాలర్ల పైన ఉంది, ఎప్పుడు కడతారు అని. మా ఆయన ఆఫీసుకి చేశారు. డాలస్‌లో మా మరిదికి చేసి మీ అన్నయ్య అప్పు ఎగ్గొట్టాడు అని చెప్పారు, చట్టం ప్రకారం అలా వేరేవాళ్ళకి అప్పు సంగతి చెప్పకూడదు, మాకేం తెలుసు. ఒకతను అయితే నా సిటిజన్‌షిప్ అప్లికేషన్ నడుస్తోందని ఎలా తెలుసుకున్నాడో, ఇంటర్వ్యూలో ఇది అడ్డం వస్తుంది మేడం, ముందే సెటిల్ చేసుకోండి అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు నిద్ర పోయింది. ఫోన్ మోగితే చాలు కడుపులో తిప్పేది.

తెలిసినవాళ్ళని అడిగితే తలొక మాట. బ్యాంక్రప్సీ పెట్టేయమని ఒకరు, సగానికి బేరమాడమని ఒకరు, ఇండియా నంబర్ తీసుకోమని కూడా ఒకాయన. ఒక లాయర్ రిటైనర్ (ముందుగా కట్టే ఫీజు) ఐదువేలు అన్నారు. రేడియో యాడ్ విని, అప్పు తగ్గించి పెడతామనే డెట్ రిలీఫ్ కంపెనీ ఒకదానికి ఫోన్ చేస్తే ముందు ఫీజు కట్టమన్నారు. అలా ఫోన్లో అమ్మేవాళ్ళు పని అవ్వకముందే ఫీజు తీసుకోకూడదని 2010 నుంచే ఫెడరల్ రూల్ ఉందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆ లా లైబ్రరీ పెద్దావిడ గురించి. పేరు రాయొద్దన్నారు, రాయను. కాలిఫోర్నియాలో ప్రతి కౌంటీకి ఒక లా లైబ్రరీ ఉంటుంది, ఎవరైనా వెళ్ళొచ్చు, నాకైతే ఇన్నేళ్ళలో ఆ సంగతే తెలీదు. మా కౌంటీ దాంట్లో సివిల్ కేసుల హెల్ప్ డెస్క్ ఉంది, కొన్ని రోజులు వాలంటీర్ లాయర్లు వచ్చి కూర్చుంటారు, ఆవిడ వాళ్ళలో ఒకరు. నేను పటేల్ బ్రదర్స్ కవర్లో కాగితాలన్నీ కుక్కుకుని వెళ్ళాను. డెబ్బై దాటి ఉంటాయి ఆవిడకి, మెళ్ళో తాడుకి కళ్ళద్దాలు. నేను కూర్చోగానే కేసు అడుగుతారు అనుకున్నా. ఇంట్లో ఫోన్ ఎవరు ఎత్తుతున్నారు అని అడిగారు. నేనే అన్నాను. మరి నువ్వు ఎప్పుడు తింటున్నావ్ అన్నారు. నాకు జవాబు రాలేదు. ఇంతమంది సలహాలిచ్చారు కదండీ, ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగలేదు, మా అమ్మ తప్ప.

తర్వాత ఆవిడ ఆ కవర్లోవన్నీ బల్ల మీద పోసి ఒక్కొక్కటీ తేదీ ప్రకారం పేర్చారు, గ్రోసరీ రసీదులు కూడా ఉన్నాయి అందులో, వాటిని విసుక్కోకుండా మడిచి నా చేతికిచ్చారు. హడ్-1 అనే సెటిల్‌మెంట్ కాగితం, రికార్డ్ అయిన డీడ్ (ఇంటి అమ్మకం దస్తావేజు), సెకండ్ బ్యాంకు ఇచ్చిన అప్రూవల్ లెటర్, ఈ మూడూ తీసి పక్కన పెట్టుకున్నారు. డీడ్ మీద తేదీ చూసి, అమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలి, 2011 జులై తర్వాతే కదా అన్నారు. అప్పుడు చెప్పారు. కాలిఫోర్నియాలో ఎస్‌బీ 458 అని ఒక బిల్లు, సెనేటర్ ఎలెన్ కార్బెట్ పెట్టింది, 2011 జులైలో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం పెట్టారు, వెంటనే అమల్లోకి వచ్చింది. నాలుగు యూనిట్ల వరకు ఉన్న ఇల్లు, బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుని షార్ట్ సేల్ అయితే మిగతా బాకీ ఇక అడగడానికి లేదు, ఫస్ట్ అయినా సెకండ్ అయినా. ఒప్పుకోవడానికి అమ్మకం డబ్బు కాక ఇంకా పైకం ఓనర్‌ని అడగకూడదు కూడా. మోసం చేస్తేనో, ఇల్లు కావాలని పాడుచేస్తేనో వేరే సంగతి. అంతకుముందు, ఆ ఏడు జనవరి నుంచి ఉన్న రూల్ ఫస్ట్ లోన్‌కే పనికొచ్చేది. అంటే 2011 మొదట్లో అమ్ముకున్నవాళ్ళకి సెకండ్ మీద ఈ రక్షణ లేదు, మా పాత వీధిలో ఒక కుటుంబం సరిగ్గా అలాగే ఇరుక్కుంది, కొన్ని నెలల తేడా అంతే, తల్చుకుంటే కోపం వస్తుంది.

ఆ సెక్షన్ నంబర్ 580ఈ. మౌంటెన్ హౌస్ నుంచి రోజూ ఆల్టమాంట్ మీదుగా బే ఏరియాకి వెళ్ళే ఫ్రీవే కూడా 580యే. పొద్దున్నే చీకట్లో లేచి ఆ రోడ్డు మీద మా ఆయన ఎన్నేళ్ళు నలిగిపోయారో, ఆ నంబరే చివరికి ఒడ్డున పడేసింది. ఇది చెప్తే ఆవిడ గట్టిగా నవ్వారు, లైబ్రరీలో అందరూ మావైపు చూశారు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది, వాళ్ళే. నా మొహం చూసి ఆవిడకి అర్థమైపోయింది. నేను కట్ చేయబోతే ఆగమని, పక్కన చిన్న గదిలోకి తీసుకెళ్ళి, పసుపు రంగు ప్యాడ్ మీద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం రాసి నా ముందు పెట్టారు. ఈ అప్పు నేను ఒప్పుకోవట్లేదు, ఏం చెప్పాలన్నా రాసి పంపండి, ఇక ఫోన్ చేయొద్దు. అంతే. చదువు, నేను ఇక్కడే కూర్చుంటా అన్నారు. నేను చదివాను. అతను ఏదో మొదలుపెట్టాడు, ఆవిడ వేలితో మళ్ళీ అదే వాక్యం చూపించారు, మళ్ళీ చదివాను. గొంతు వణికింది కానీ పూర్తిగా చదివాను. అతనే పెట్టేశాడు. చాలా బాగా చదివావు అన్నారు ఆవిడ, చిన్నపిల్లకి చెప్పినట్టు. అక్కడ ఇక ఆగలేదండీ, ఆ గదిలో కూర్చుని ఇల్లు పోయినప్పుడు కూడా ఏడవనంత ఏడ్చాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు, ఊరుకో అని కూడా అనలేదు, టిష్యూ డబ్బా నా వైపు జరిపి లెటర్ రాయడం మొదలుపెట్టారు.

లెటర్ చాలా చిన్నది. ఈ అప్పు మేం డిస్ప్యూట్ చేస్తున్నాం, రుజువులు పంపండి. 580ఈ ప్రకారం ఇది వసూలు చేయడానికి లేదు, మీకు ముందున్న బ్యాంకు ఒప్పుకున్న లెటర్, డీడ్ జతచేశాం. మీ కాలిఫోర్నియా డెట్ కలెక్టర్ లైసెన్స్ నంబర్ ఎంత. వాళ్ళ మొదటి నోటీసు అందిన 30 రోజుల్లోపు ఇలా రాసి పంపితే, రుజువు పంపేదాకా వసూలు పని ఆపాలని 1977 నాటి ఫెడరల్ చట్టం. మా నోటీసు ఎప్పుడొచ్చిందో ఆ కవర్ మీద పోస్టు ముద్ర చూసి లెక్కేశారు, ఇంకా గడువు ఉంది. ఈలోపు పది డాలర్లు కూడా కట్టొద్దు, మంచితనంగా మాట్లాడి కొంచెం కట్టమంటారు, కడితే అప్పు ఒప్పుకున్నావని వాదిస్తారు అని రెండుసార్లు చెప్పారు. సిటిజన్‌షిప్ మాట అడిగితే, అది బెదిరింపు, అలా బెదిరించడమే తప్పు, తేదీ టైమ్ రాసిపెట్టుకో అన్నారు. సర్టిఫైడ్ మెయిల్, రిటర్న్ రిసీట్ అన్నీ ఆవిడే నాతో పోస్టాఫీసుకి నడిచొచ్చి చేయించారు. మోకాలి నొప్పి ఆవిడకి, మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని.

ఫీజు ఎంత అంటే నవ్వేశారు. ఈ లైబ్రరీలు ఎక్కువగా నడిచేదే కోర్టు ఫైలింగ్ ఫీజుల్లో వాటా మీదట. అంటే కలెక్షన్ కంపెనీలు జనం మీద కేసులేసేటప్పుడు కట్టే డబ్బులోంచి కూడా కొంత ఇక్కడికే వస్తుంది. వాళ్ళే కట్టారులే నీ ఫీజు అన్నారు.

తర్వాత వెళ్ళినప్పుడు కొంచెం డబ్బు కవర్లో పెట్టి ఇస్తే తీసుకోలేదు, వాలంటీర్లు తీసుకోకూడదట. ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళాను, మా అక్క పంపినవి. ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఇది కూడా ఏమన్నా నోటీసా, ఎక్కడ సంతకం పెట్టాలి అన్నారు. సగం తిన్నారు, మిగతా సగం డెస్క్ దగ్గర అబ్బాయికిచ్చారు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఆ లెటర్లో మీరు మాకేం బాకీ లేరు అని లేదు, సారీ అనే ముక్క లేదు. అకౌంట్ క్లోజ్ చేశాం, అంతే. రేపు ఇదే లైను ఎక్సెల్ షీట్లో పెట్టి ఇంకో కంపెనీకి అమ్మితే మళ్ళీ మొదలు, అందుకే ఆ ఫైల్ జీవితాంతం దాచుకోమన్నారు ఆవిడ. 2008లో బ్యాంకుల్ని నిలబెట్టడానికి 700 బిలియన్ డాలర్ల చట్టం రెండు వారాల్లో చేసుకున్నారు. మాకు మాత్రం మేం బాకీ లేమని మేమే నిరూపించుకోవాలి, కాగితం దాచుకోకపోతే మా ఖర్మ. అసలు అమ్మిన బ్యాంకు దగ్గర ఆ అప్రూవల్ లెటర్ ఉంటుంది కదా, అది చూడకుండా ఎలా అమ్మింది, ఎవరడుగుతారు. భాష రానివాళ్ళు, భయపడేవాళ్ళు ఎంతమంది కడుతున్నారో. సరే, బీపీ పెరుగుతోంది, ఆపేస్తా.

మా ఆయన, మా వాడు (స్కానింగ్ అంతా వాడే), మా మరిది, అమ్మ, అందరికీ థాంక్స్, వాళ్ళకి తెలుసు.

అయ్యో, అసలు మనిషిని మర్చిపోయాను! అప్పటి మా రియల్టర్, పంజాబీ ఆవిడ. లైబ్రరీకి వెళ్ళకముందు సెకండ్ బ్యాంకు అప్రూవల్ లెటర్ మా దగ్గర లేదు, అమ్మకం డబ్బు, కాగితాలు చూసిన ఎస్క్రో కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆవిడకి ఫోన్ చేస్తే గ్యారేజ్‌లో పాత డబ్బాలన్నీ దించి వెతికి, దొరకగానే ఫోటో పెట్టి, ఒరిజినల్ ఓవర్‌నైట్‌లో పంపించింది. ఆ కాగితం లేకపోతే లైబ్రరీ లాయర్ గారైనా అంత ధీమాగా రాసేవారు కాదు. దీదీ, క్షమించు, నీ పేరు పైనే ఉండాల్సింది.

211 హెల్ప్ లైన్‌కి ఫోన్ చేస్తే ఎత్తిన అమ్మాయి, లా లైబ్రరీ అనే మాట మొదట చెప్పింది తనే. రాష్ట్రంలో డీఎఫ్‌పీఐ అనే ఆఫీసు ఉంది, కలెక్షన్ కంపెనీలకి లైసెన్సులిచ్చేది వాళ్ళే, అక్కడ ఆన్‌లైన్‌లో కంప్లైంట్ ఫ్రీగా పెట్టొచ్చని చెప్పి నాతో పెట్టించిన మా కింది ఫ్లోర్ తమిళ కుర్రాడు. అప్పట్లో 1099-సీ (మాఫీ అయిన బాకీని టాక్స్ వాళ్ళకి చూపించే కాగితం) వస్తే ఫారం 982 వేసి టాక్స్ పడకుండా చూసిన సీపీఏ అన్న, ఆ కాపీలు ఇప్పటికీ ఉంచారు.

ఆ లెటర్ నమూనా పెట్టమని అప్పుడే ఇద్దరు అడిగారు. పేర్లు, నంబర్లు కొట్టేసి శనివారం పెడతాను. కానీ మీ ఇల్లు కాలిఫోర్నియాలో కాకపోతే అదే కాపీ కొట్టి పంపకండి, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు, ముందు మీ దగ్గర లీగల్ ఎయిడ్ వాళ్ళకి చూపించండి.