మా పాపకు ఊపిరి అందేలా చూసిన అందరికీ కృతజ్ఞతలు

మా పాప చెన్నైలో ఆపరేషన్ చేయించుకుని కావలికి వచ్చేసింది. పాలు బాగా తాగుతోంది. ఫోన్ చేసి అడిగిన వాళ్లందరికీ విడివిడిగా జవాబు చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, కాన్పు రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు మా ఇంటిల్లిపాదీ దండాలు. పాప పుట్టగానే గట్టిగా ఏడ్చింది, ఒళ్లు ఎర్రగా ఉంది. ఏడుపు ఆపి నోరు మూసుకుంటే చాలు, పెదాలు నీలంగా మారిపోయేవి. మళ్లీ ఏడిస్తే రంగు తేరుకునేది. గుండె జబ్బేమోనని మాకు ఒకటే టెన్షన్. ఆమె మాత్రం దూదిపోగు ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టింది. అది కదల్లేదు. సన్నటి గొట్టం ముక్కులోకి పంపబోతే, రెండు వైపులా కొంచెం దూరం పోయి ఆగిపోయింది. వెంటనే డాక్టరమ్మను పిలిచి, నోటి దారి మూసుకోకుండా ఉంచే చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టించి, ప్లాస్టర్ అంటించింది. మిషన్‌లో ఆక్సిజన్ అంకె పెరుగుతుంటే అప్పుడు మా ప్రాణాలు కుదుటపడ్డాయి.

దీన్ని కోయనల్ అట్రీషియా అంటారు. ముక్కు వెనక గొంతులోకి తెరుచుకోవాల్సిన దారి ఎముకతోనో పొరతోనో మూసుకుపోయి ఉంటుంది. సుమారు 5 వేల నుంచి 8 వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుందట. ఒక వైపే అయితే ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. రెండు వైపులా అయితే పుట్టగానే ప్రాణం మీదికి వస్తుంది. మొదటి కొన్ని నెలలు పసిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు మరి. ఏడిస్తే తేరుకుని, ఊరుకుంటే నీలబడే బిడ్డ మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే, దయచేసి తెల్లారేదాకా ఆగకండి.

అంబులెన్సులో నర్సుగా వచ్చిన తమ్ముడు నెల్లూరు, గూడూరు, నాయుడుపేట దాటి చెన్నై చేరేదాకా ఆ గొట్టం మీద నుంచి చూపు తిప్పలేదు. అక్కడ సీటీ స్కాన్ తీశారు. ఈ లోపంతో పుట్టిన కొందరికి గుండె, కళ్లు, చెవుల్లోనూ తేడాలు ఉంటాయని అవన్నీ పరీక్షించారు. దేవుడి దయ, మా పాపకు అవేమీ లేవు. ముక్కులోంచే ఎండోస్కోప్ (కెమెరా ఉన్న సన్నటి గొట్టం) పంపి దారి తెరిచారు. ముఖం మీద ఒక్క కోత లేదు.

ఇంకొక మాట. గ్రహణం నాడు బయట తిరిగి ఉంటుందని మా ఆవిడను కొందరు అన్నారు. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "అమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, ఇందులో నీ తప్పేమీ లేదు" అని చెప్పారు. ఆ రోజే తను కడుపునిండా అన్నం తింది. ఆపరేషన్‌కు ఎంత రుణపడ్డామో, ఆ మాటకూ అంతే రుణపడ్డాం.

డబ్బు సర్దిన స్నేహితులకు, మేం లేనప్పుడు పెద్దపాపను చూసుకున్న పక్కింటి అక్కకు పేరుపేరునా కృతజ్ఞతలు. దారి మళ్లీ సన్నబడే అవకాశం ఉందట, కాబట్టి చెకప్‌లకు తిరుగుతూనే ఉంటాం. ముక్కు శుభ్రం చేయడానికి కొన్న సక్షన్ మిషన్ మాకు అవసరం తీరగానే కావలి చుట్టుపక్కల ఎవరికి కావాలన్నా ఇస్తాం, మొహమాటపడకుండా అడగండి.