బుజ్జికి నాన్న ఉత్తరం

చిరంజీవి బుజ్జికి,

ఇక్కడ చెన్నై విల్లివాక్కంలో అందరం క్షేమం. గాలివానకి మేడమీద ట్యాంకు మూత ఎగిరిపోతే కొత్తది వేయించాను. థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకుంటున్నావా? మొన్న పెళ్లిలో మూర్తి కొడుకు కనిపించాడు. నువ్వు లీడ్ అయ్యాక నీ టీమ్‌లో ఇద్దరు రిజైన్ చేశారట. నేనేం అడగలేదు, వాడే అన్నాడు. పోనీలే.

నీ ఎంబీఏ పుస్తకాలు అమ్మ పాతపేపర్లవాడికి వేయబోతుంటే ఆపి ఒకటి తిరగేశాను. మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ బృందం అమెరికాలో పది, పదకొండేళ్ల మగపిల్లల క్లబ్బుల్లో చేసిన ప్రయోగం ఉంది, 1939లో అచ్చయింది. హుకుం చేసే పెద్దమనిషి గది దాటగానే పని పడకేసేదట. అందరితో మాట్లాడి చేయించే పెద్ద లేకపోయినా ఆ పిల్లలు పని కానిచ్చేవారట.

మా అంబత్తూరు మెషిన్ షాపులో అదేగా జరిగింది! మా ఫోర్‌మన్ ఒకాయన, పేరెందుకులే, నోరు తెరిస్తే తిట్లే. ఆయన కేబిన్ తలుపు చప్పుడైతే చాలు, లేత్‌లన్నీ ఒక్కసారే తిరిగేవి. ఓ రాత్రి షిఫ్టులో బుష్‌ల బోరు, అంటే లోపలి రంధ్రం, పెద్దదైపోయింది. రంధ్రంలో దూరకూడని నో-గో గేజ్ సాఫీగా లోపలికి జారిపోతోంది. చెబితే తిడతాడని కుర్రాడు వాటిని ఇనపరజను బకెట్ అడుగున దాచేశాడు. సంగతి తెలియని పొద్దుటి షిఫ్టువాళ్లు అదే సెట్టింగుతో కోసుకుంటూ పోయారు. లాటంతా కస్టమర్ దగ్గర్నుంచి తిరిగొచ్చింది. ఆయన ఇంకా గట్టిగా తిట్టాడు, మావాళ్లు ఇంకా లోతుగా దాచారు. తర్వాతాయన ఏమడిగినా ‘మీ ఇష్టం’ అనేవాడు. ఓవర్‌టైమ్ కోసం మేమే జుట్లు పట్టుకున్నాం. మూడో ఆయన చెడిన పీసు టేబుల్ మీద పెట్టి, ‘ఎక్కడ తప్పిందో చూద్దాం రా’ అనేవాడు. చేతికి గ్లోవ్స్‌తో లేత్ దగ్గరికెళితే మాత్రం ఆయనా అరిచేవాడు. అక్కడ అరవాల్సిందే, గ్లోవ్ చిక్కుకుంటే చెయ్యే పోతుంది.

నీకు పాఠం చెప్పాలని కాదు. ఆ ఇద్దరూ జీతం కోసమే వెళ్లుండొచ్చు. అడిగావా? ఉన్నవాళ్లు మీటింగులో నీ మాట కాదనగలుగుతున్నారా? ఎవరూ కాదనడం లేదంటే సంతోషపడకు, బకెట్ అడుగు చూడు. రాత్రి పదకొండింటికి వాళ్లకి మెసేజ్‌లు పెడతావట, అదీ వాడే అన్నాడు. ఆ టైముకి నువ్వు పడుకోవాలి కదమ్మా.

కందిపొడి, గోంగూర పచ్చడి కొరియర్ చేశాం. తడి చెంచా పెట్టకు. ఆదివారం ఫోన్ చెయ్యి. అమ్మ స్పీకర్‌లో పెట్టకుండా నేను చూసుకుంటాను.

నాన్న