శుక్రవారం నాటి బురద గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

శుక్రవారం ఆరో తరగతి పిల్లలు మోచేతుల దాకా బురదతో ఇంటికొచ్చారు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో మీరు పెట్టిన మెసేజ్‌లన్నీ చదివాను. పాత బట్టలు పంపమని ముందు రోజే డైరీలో రాయించాల్సింది. ఆ పొరపాటు మాదే, మన్నించండి. కానీ "సోషల్ పీరియడ్‌లో మట్టి పిసకడమేంటి, బిట్లు ఎప్పుడు చదివిస్తారు" అన్న మాటకు జవాబు చెప్పకుండా ఉండలేను.

పిల్లలు చేసినవి సింధు లోయ నాగరికత నాటి హరప్పా నగరపు ఇటుకల్లాంటివి. మందం ఒక వంతు, వెడల్పు రెండు, పొడవు నాలుగు. క్రీ.పూ. 2600 ప్రాంతం నాటికి హరప్పాలోనూ మొహెంజొదారోలోనూ ఇదే లెక్క. రెండింటి మధ్య దూరం సుమారు 600 కిలోమీటర్లు. హుకుం జారీ చేసిన రాజు పేరు ఒక్కటీ మనకు దొరకలేదు. అయినా కొలత ఒక్కటే. తూకపు రాళ్లూ 1, 2, 4, 8, 16, 32, 64 అంటూ రెట్టింపవుతూ పోతాయి. పల్లెలు నగరాలైన మలుపు ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం: నీ కొలతా నా కొలతా ఒకటేనని ముక్కూముఖం తెలియనివాళ్లు ఒప్పుకోవడంలో. మూతలున్న మురుగు కాలువలు, మొహెంజొదారోలో తారు పూసిన 12 మీటర్ల పొడవు మహా స్నానవాటిక ఆ ఒప్పందం మీద లేచినవే. క్రీ.పూ. 1900 తర్వాత ముద్రలు, లిపి, ఆ తూకాలు మెల్లగా వాడుక తప్పాయి, జనం చిన్న ఊళ్లకు చెదిరిపోయారు. ఇటుకలు మాత్రం నిలిచాయి. ఎంత గట్టిగా నిలిచాయంటే, పందొమ్మిదో శతాబ్దంలో లాహోర్–ముల్తాన్ రైలు దారికి వాటినే తవ్వి కంకరగా పరిచారు! ఇదంతా నాలుగు ఆప్షన్లలో ఒకదానికి టిక్కు పెడితే ఒంటపడుతుందా?

రెండు ఇటుకల్ని పక్కపక్కన పెడితే మూడో ఇటుక పొడవుకి సరిగ్గా సరిపోతుందని బి సెక్షన్ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. "అందుకే ఎటు పేర్చినా గోడ కుదురుతుంది మేడమ్" అంది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని అబ్బాయి ఒకడున్నాడు, వాళ్ల నాన్నగారు తాపీమేస్త్రి. అతుకు మీద అతుకు రాకూడదని వాడే అందరికీ చేసి చూపించాడు. టీచరుగారు పక్కకు జరిగి నిలబడ్డారు. నాకు కళ్లు చెమర్చాయి.

ఇంకో మాట, నొచ్చుకోకండి. పోయిన నెల ప్రాజెక్టుకు వచ్చిన థర్మాకోల్ నమూనాలు చాలా నీటుగా ఉన్నాయి. మీరెంత రాత్రి దాకా మేల్కొన్నారో తెలుస్తూనే ఉంది. కానీ అందులో బావి ఏదని అడిగితే చాలామంది పిల్లలు చెప్పలేకపోయారు. దయచేసి వాళ్ల పని వాళ్లనే చెయ్యనివ్వండి, వంకరగా వచ్చినా తీసుకుంటాం. అలాగే రాత్రి పదకొండు దాటాక ఫోను వాళ్ల చేతిలోంచి తీసెయ్యండి. మొదటి పీరియడ్‌లో తూలుతున్నవాళ్లను లేపడంతోనే సగం సమయం పోతోంది.

బస్సు ఫీజు 10వ తేదీలోగా కట్టండి, ఐడీ కార్డు ఫొటోలు క్లాస్ టీచరుకివ్వండి, రెండో శనివారం సెలవు.

ఇటుకలు స్టేజీ వెనక నీడలో ఆరుతున్నాయి. వచ్చే శుక్రవారం గోడ కడతారు. ఈసారి పాత బట్టలు పంపండి, వీలైతే మీరూ రండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు