వాన నీళ్ళు ఎటు పోయాయి?

అమలాపురం,
ఆదివారం రాత్రి

ఒరే సూరీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయనిది బద్ధకంతో కాదురా, ఇటుకలతో. పెరటి వంటిల్లు ఒరిగిపోతోందని విప్పించేశాను, కొత్తది లేస్తోంది. "ఇల్లు కట్టేవాడు సిమెంటు రేటు కనుక్కుంటాడు గానీ ఆర్కిటెక్టుల జీవిత చరిత్రలు చదువుతాడేంట్రా" అని రాశావు చూడు, అది మా ఆవిడకి చదివి వినిపించాను. వెంటనే నీ పక్షం చేరిపోయింది.

నవ్వుకోండి ఇద్దరూ. నేను బొమ్మల పుస్తకాలు మాత్రం ముట్టుకోను. ఆ నున్నటి కాగితం మీద ఆకాశం ఎప్పుడూ నీలంగానే ఉంటుంది, ఏ గోడకీ చెమ్మ మరక ఉండదు. ఎవరి కథ చదివినా నేను వెతికేది ఒక్కటే: వాన పడితే ఆ ఇంట్లో నీళ్ళు ఎటు పోయాయి? మా స్లాబు సంగతి నీకు తెలుసుగా. ముసురు పట్టిందంటే హాల్లో మూడు బిందెలు, గదిలో ఒక బకెట్టు. వేసినవాణ్ణి నిలదీస్తే "వాన ఏటవాలుగా కొడుతోందండి" అన్నాడు మహానుభావుడు.

ఆ లెక్కన లె కార్బూజియే కథ భలే రంజుగా ఉంటుంది. అదే, మన చండీగఢ్‌కి ప్లాను గీసినాయన. ప్యారిస్ దగ్గర సవోయ్ దంపతులకి 1931 నాటికి ఒక తెల్లటి ఇల్లు కట్టిచ్చాడు. సన్నటి స్తంభాల మీద నిలబెట్టిన పెట్టెలా ఉంటుంది, పైన చదును కప్పు. ప్రపంచంలో ఆర్కిటెక్చరు చదివే పిల్లలందరికీ అది పాఠమైంది. ఆ ఇంటావిడ మాత్రం హాల్లో వాన పడుతోందనీ, గ్యారేజీ గోడ నానిపోయిందనీ ఆయనకి ఉత్తరాలు రాస్తూనే ఉంది. అక్కడ నాకు మా మేనత్త గొంతు వినిపించింది.

అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఇంకో రకం. జలపాతం మీద ఆయన కట్టిన ఫాలింగ్‌వాటర్ అనే ఇంట్లో వరండాలు గాల్లోకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఇంటి యజమానికి అనుమానం వచ్చి వేరే ఇంజనీర్లకి చూపించాడు. కట్టేవాళ్ళు రైట్‌కి చెప్పకుండా ఇనుము ఎక్కువ వేశారు. తెలిసి ఆయన మండిపడ్డాడు. అంత ఇనుము వేసినా వరండాలు కిందికి వంగాయి, చివరికి 2002లో కేబుళ్ళు బిగించి ఆపారు.

మీ తాతగారి మండువా లోగిలి గుర్తుందా? నాలుగు చూరుల నీళ్ళూ నడిమధ్య పడి, తూములోంచి పెరట్లోకి, అక్కణ్ణుంచి బోదెలోకి. సవోయ్ గారింట్లో వాన దొంగలా దూరింది. మనవాళ్ళు దాన్ని చుట్టంలా లోపలికి పిలిచి, దారి చూపించి సాగనంపారు. ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా రాసినవి చదువుతుంటే ఇదే గుర్తొచ్చింది. ఆయన 1930లో పుట్టింది మన సికింద్రాబాద్‌లోనేరా. మన వాతావరణంలో ఆకాశం కనిపించే జాగా కూడా ఒక గదే అని ఆయన వాదన. సబర్మతిలో గాంధీ సంగ్రహాలయం ఆయనే కట్టాడు, 1963లో. పెంకు కప్పులు, మధ్యలో నీటి కుండం, కప్పుల నీళ్ళు మోసుకుపోవడానికి కాంక్రీటు దోనెలు. మండువాకి మనవడు కాదూ!

అన్నిటికంటే నన్ను పాడుచేసింది ఆర్కిటెక్టు లారీ బేకర్ మీద పుస్తకం, గౌతమ్ భాటియా 1991లో రాసి తెచ్చింది. బేకర్ ఇంగ్లండ్ మనిషి, 1945లో మన దేశం వచ్చాడు, చివరికి తిరువనంతపురంలో స్థిరపడ్డాడు. చుట్టుపక్కల అయిదు మైళ్ళలో దొరికే వాటితోనే ఇల్లు కట్టాలని గాంధీగారు చెప్పిన మాట జీవితాంతం పట్టుకున్నాడు. మనకి అయిదు మైళ్ళలో ఏముంది? ఒండ్రు మట్టి, కొబ్బరి, తాడి. రాయి మచ్చుకైనా లేదు. కాబట్టి ఇటుకే గతి. ఆయన ఇటుకని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో మూడంగుళాల ఖాళీ వదిలి తొమ్మిదంగుళాల గోడ లేపేవాడు. ఇటుకల్లో పావు వంతు మిగులుతుంది, ఎండ వేడి లోపలికి అంతగా రాదు. దాన్ని ర్యాట్ ట్రాప్ అంటారు. మా మేస్త్రికి బొమ్మ చూపించాను. తలపాగా సర్దుకుని, "ఎలకల బోనాండి? మనింట్లో ఎలకలు గోడ అడగవండి, ఊరికే వచ్చేస్తాయి" అన్నాడు.

అయినా ఒక గోడ కట్టాడు. రెండో రోజుకే అసలు తంటా బయటపడింది. మన బట్టీ ఇటుకలు ఒకదానికొకటి పొంతన ఉండవు, ఆ పద్ధతికేమో కొలత కచ్చితంగా ఉండాలి. ఈ సంగతి పుస్తకం కంటే మేస్త్రి బాగా చెప్పాడు. ఇప్పుడు ఇద్దరం కూర్చుని ఇటుకలు ఏరుతున్నాం. కప్పు మాత్రం పాత బంగాళా పెంకులే. స్లాబు మాట ఎత్తితే మా ఆవిడ బిందెలకేసి చూస్తుంది.

అమెరికా ఆర్కిటెక్టు లూయీ కాన్ జీవితకథ మాత్రం రాత్రిపూట చదవకు. నీకేం కావాలని ఇటుకనే అడిగిన మనిషి. 1974లో మన అహ్మదాబాద్ నుంచి తిరిగి వెళ్తూ న్యూయార్క్ రైల్వే స్టేషన్లో గుండె ఆగి పోయాడు. పాస్‌పోర్టులో చిరునామా కొట్టేసి ఉండటంతో ఇంటికి కబురు చేరడానికి రెండు రోజులు పట్టింది. కరెంటు పోయి దీపం వెలుగులో చదివాను. ఆ పూట నీళ్ళు ఎటు పోయాయో వెతకలేదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి ఆత్మకథ దొరికితే పట్టుకురా. కార్బూజియే దగ్గర పనిచేసినాయన కదా, ఆ వానల సంగతి ఏమన్నా రాశాడేమో చూడాలి. దొరక్కపోతే ఒక జత చేతులైనా తీసుకురా, ఇటుకలు ఏరడానికి.

నీ
బాబ్జీ